చరణం మధ్యలో ఆగే చోటు

పాడేటప్పుడు లూర్దురాజు ఊపిరి చప్పుడవుతోంది. ఒక పాదం అయిపోయి ఇంకో పాదం ఎత్తుకునే ముందు గాలి పీల్చుకుంటే, కొలిమి తిత్తి తెరిచినట్టు లోపల ఒక ఈల. ఎదురుగా కూర్చున్నవాళ్లకి అంతగా వినపడదు. మైకుకి వినపడుతుంది. మైకు మొహమాటం తెలియని చుట్టం లాంటిది, ఇంట్లో ఏం జరిగినా బయటికి చెప్పేస్తుంది.

అతనికి అరవై దగ్గరపడుతున్నాయి. వయసంతా ఇటలీలోనూ ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ ఒపేరాలు పాడుతూ గడిపాడు. ఒపేరా అంటే మొదలునుంచి చివరిదాకా పాటలతోనే నడిచే నాటకం. మన పద్యనాటకాలకి దూరపు బంధువు అనుకోవచ్చు. కాకపోతే ఇక్కడ హార్మోనియం ఉండేచోట అక్కడ ఊరంత వాద్యబృందం ఉంటుంది, మైకు మాత్రం ఉండదు. ఆ మోతనంతా దాటుకుని ఆఖరి వరసలో కూర్చున్నవాడి చెవిన పడాలి గొంతు. మగవాళ్లలో పైస్థాయిలో పాడేవాణ్ణి టెనర్ అంటారు. లూర్దురాజు టెనర్. ప్రేమికుడి వేషాలన్నీ టెనర్లకే ఇస్తారు కాబట్టి అతను లెక్కలేనన్నిసార్లు ప్రేమించాడు, కత్తిపోట్లు తిన్నాడు, ప్రాణం పోతున్నా పైస్థాయిలోనే పాడి మరీ పోయాడు.

ఇప్పుడా వేషాలు ఇచ్చేవాళ్లు లేరు. కారణం అందరికీ తెలుసు, అతనికి అందరికంటే బాగా తెలుసు.

కిందటేడు ఒక పెద్ద నాటకశాలలో ఆఖరి పాట పాడుతున్నాడు. పాదం మధ్యలో ఊపిరి అయిపోయింది. ఒపేరాలో నిశ్శబ్దం వచ్చిందంటే ఎవరో మాట మరిచిపోయారని అర్థం. వేదిక ముందు నేలలో చిన్న గూడు ఉంటుంది, అందులో కూర్చున్న మనిషి పైకి మాట అందిస్తాడు. ఆ రోజు కూడా అందించాడు. వినపడలేదేమోనని మళ్లీ అందించాడు. లూర్దురాజుకి మాట గుర్తుంది. ఊపిరే లేదు. అంత పెద్ద హాలూ చీమ చిటుక్కుమంటే వినపడేలా అయిపోయింది. అప్పుడు వెనకనుంచి ఎవరో దగ్గారు.

ఆ దగ్గు ఇప్పటికీ అతని చెవిలోంచి పోలేదు.

తర్వాత ఇంట్లో కూర్చున్నాడు. మనుషుల్ని కలవాలంటే విసుగు, కలవకపోతే దిగులు. అలాంటప్పుడు ఒక చిన్న రికార్డింగు సంస్థవాళ్లు అడిగారు, పాత లాటిన్ భక్తిగీతాలు ఒక ఆల్బమ్‌గా పాడతారా అని. ఇదే ఆఖరిదని వాళ్లూ అనలేదు, తనూ అనలేదు. ఎక్కడ పాడతారంటే మాత్రం తడుముకోకుండా చెప్పాడు. పల్నాటి కొండల్లో తను పాట నేర్చుకున్న మఠం.

అది క్రైస్తవ సన్యాసుల మఠం. మధ్యలో రాతిగుడి. ఎప్పుడో విదేశీ ఫాదర్లు కట్టించారు. గుమ్మం దగ్గర గొణిగినా పూజ చేసే పీఠం దాకా వినపడుతుంది. అక్కడి బళ్లో చదువుకునే రోజుల్లో లూర్దురాజుకి పాట నేర్పినవాడు రాయప్ప ఫాదరు. ఆ వైపు ఫాదర్లని గురువుగారనే పిలుస్తారు. లూర్దురాజుకి ఆయన ఫాదరుగానూ గురువే, పాటకీ గురువే.

పోయి పోయి మిరపకాయలు ఎండే రోజుల్లో పోయాడు. కొండ కిందంతా కళ్లాలే, ఎటు చూసినా ఎరుపే. గాలి మళ్లినప్పుడల్లా ఘాటు కొండెక్కి వచ్చి ముక్కులోకీ గొంతులోకీ దూరేది. పాడేవాడెవడూ ఆ కాలంలో ఆ ఛాయలకి పోడు. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో గుడిలో పెళ్లిళ్లూ పండగలూ ఉండవు కదా, పగలంతా ఖాళీగా దొరుకుతుందని పోయాడు. ఘాటు సంగతి మరిచిపోయాడు. అన్నేళ్లు బయట ఉంటే అలాంటివే మరిచిపోతాం.

కారు దిగేసరికి రాయప్ప గురువుగారు వరండాలో గోనెపట్టా మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. మనిషి బాగా ముసలివాడైపోయాడు. చేతులు మాత్రం చకచకా ఆడుతున్నాయి.

"వచ్చావట్రా" అన్నాడు, నిన్ననే సంతకి పోయినవాణ్ణి అడిగినట్టు. "ఏందిరా, నీరసంగా ఉన్నావు?"

"ప్రయాణం గురువుగారూ."

"ఊ" అన్నాడు ఆయన. ఇంకో గింజ తీసి, "శౌరయ్యని చూసి రాపో. గుడి పక్క గదిలో ఉన్నాడు. మంచం దిగట్లా" అన్నాడు.

ఫాదర్లు కాని సన్యాసుల్ని అక్కడ బ్రదర్లంటారు, శౌరయ్య వాళ్లందరికంటే పెద్ద. లూర్దురాజు చదువుకునే రోజుల్లో పిల్లలకి వండిపెట్టేవాడు, గంట కొట్టేవాడు, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేవాడు. అప్పుడే ఆయనకి ఆయాసం ఉండేది. ఇప్పుడు ఆయాసం ఒక్కటే మిగిలింది.

"చూస్తాను గురువుగారూ, రికార్డింగు పని కాస్త తెమలగానే" అన్నాడు లూర్దురాజు.

ఆయన మళ్లీ చింతపండు మీదికి వంగాడు.

రికార్డింగు చేసే అమ్మాయి పేరు వైదేహి. హైదరాబాదునుంచి సామానుతో వచ్చింది. నెమ్మదస్తురాలు, పని తెలిసిన మనిషి. గుడిలో మైకులు నిలబెట్టి, ఫ్యాన్లు ఆపించి, తలుపులు మూయించి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూల కూర్చునేది. లూర్దురాజు ఉక్కలో చెమటలు కక్కుతూ పాడేవాడు. పాట సరిగ్గా కుదిరే సమయానికి మేకల మందొకటి గంటలు మోగించుకుంటూ గుడి వెనకనుంచి పోయేది. అవి పోతే మిరపకాయల ట్రాక్టరు వచ్చేది, దాని పాటలు దానికున్నాయి. ఇవేవీ లేకపోతే ఘాటు వచ్చేది.

"ఇంకొక్కసారి సార్" అనేది వైదేహి.

ఇంకొక్కసారి పాడేవాడు. ఇంకొక్కసారి అన్న మాట వింటే ఒకప్పుడు ఒళ్లు పులకరించేది. ఇప్పుడు మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి.

మొదటి రోజు సాయంత్రం బ్రదర్లతో పాటు ప్రార్థనకి కూర్చున్నాడు. గుడిలో ఎదురెదురుగా రెండు వరసల బల్లలు, వాటి మీద బ్రదర్లు. వెనకటికి రాయప్ప గురువుగారు పీఠం పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు ఈ చివర, కిటికీ పక్కకి మారాడు. గాలికోసం కాబోలు అనుకున్నాడు లూర్దురాజు.

కీర్తన మొదలైంది. ప్రతి చరణంలోనూ రెండు సగాలు. మొదటి సగం పాడి ఆగుతారు, తర్వాత రెండోది ఎత్తుకుంటారు. అందరూ ఆగారు. లూర్దురాజు గొంతు ఆగలేదు. ఆఖరి అక్షరాన్ని పట్టుకుని సాగదీయడం, తర్వాతి మాటకి దాన్ని అతికించడం అతనికి ఒంట్లో ఇంకిపోయిన విద్య. ఆ నిశ్శబ్దంలో అతని గొంతొక్కటే పైకప్పు దాకా లేచి వేలాడింది. సిగ్గేసి ఆపేశాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు.

తర్వాతి చరణానికి అతనూ ఆగాడు. ఆగితే తెలిసింది అది ఎంతసేపో. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికొచ్చి, మళ్లీ తలుపు వేసుకునేంతసేపు. పాటలో అంతసేపు ఎవరూ ఆగరు. లూర్దురాజు, ఎవరో మాట మరిచిపోయారనుకున్నాడు. అలవాటు చొప్పున నేలవైపు చూశాడు, మాట అందించే గూడు కోసం. అక్కడ చాప ఉంది.

రెండో సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయాడు. మొదటి సగం అయీ అవగానే రెండో సగం తనే ఎత్తుకున్నాడు. అంత గొంతు ముందు బ్రదర్ల గొంతులు ఏపాటి? అందరూ ఆ గొంతు వెనక పడ్డారు. కీర్తన ఎక్కడా ఆగకుండా బండి పల్లానికి దిగినట్టు దిగిపోయింది. ప్రార్థన తొందరగానే అయిపోయింది. వచ్చినప్పటినుంచీ అతనికి కాస్త హుషారనిపించింది అప్పుడే.

బయటికొచ్చాక గురువుగారితో అన్నాడు. "మధ్యలో మరీ ఎక్కువసేపు ఆగుతున్నారు గురువుగారూ. నా చిన్నప్పుడు ఇంత ఉండేది కాదు."

"ఉండేది కాదు" అని ఒప్పుకున్నాడు ఆయన.

"పాట చచ్చిపోతోంది అక్కడ."

"అట్టాగంటావా?"

"మీరే కదా నేర్పారు, పాటని పడనివ్వకూడదని."

"నేర్పానురా" అన్నాడు ఆయన. చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని, నెమ్మదిగా గదివైపు పోయాడు.

ఆ తర్వాత లూర్దురాజు సాయంత్రాలు ప్రార్థనకి పోలేదు. ఆ టైములో వైదేహి పక్కన కూర్చుని పగలు పాడినవి వినేవాడు. కంప్యూటరు తెర మీద అతని గొంతు కొండల వరసలాగా కనపడేది. కొండకీ కొండకీ నడుమ చిన్న చిన్న గుట్టలు. అవి ఊపిర్లు.

"అది తీసెయ్యమ్మా" అన్నాడు.

"కొంచెం ఉంచుదాం సార్. అస్సలు లేకపోతే బాగోదేమో."

"తీసెయ్యి."

"తగ్గిస్తాను, వినీ వినపడనట్టు."

"మొత్తం తియ్యి వైదేహీ" అన్నాడు. గొంతులో ఎంత బతిమాలుకోవడం ఉందో అతనికే తెలియలేదు. ఆ అమ్మాయికి తెలిసింది. ఒక్కొక్క గుట్టనే చదును చేస్తూ పోయింది.

పని దాదాపు అయిపోయింది. ఆఖరి కీర్తన ఒక్కటే మిగిలింది. అయినవన్నీ ఒకచోట పేర్చి వినిపించింది వైదేహి. లూర్దురాజు కళ్లు మూసుకుని విన్నాడు. గొంతు ఎక్కడా ఆగదు, ఎక్కడా అలవదు. మేకలు లేవు, ట్రాక్టర్లు లేవు, ఈల లేదు. ముప్ఫై ఏళ్లవాడు పాడినట్టుంది. ఆ హాల్లో దగ్గినవాడు ఎక్కడున్నాడో, వాడికి వినిపించాలనిపించింది.

వాడు దొరకడు కాబట్టి గురువుగారి దగ్గరికి పట్టుకుపోయాడు.

ఆయన అదే గోనెపట్టా మీద, అదే చింతపండు ముందు ఉన్నాడు. చేతులు జిగురు. అందుకని వైదేహే వంగి ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. లూర్దురాజు ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. దేశదేశాల్లో పెద్దపెద్దవాళ్ల ముందు పాడినవాడు బళ్లో పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. ఈయన బాగుందంటే చాలు, ఇంటికెళ్లి పడుకోవచ్చు.

మొదటి పాట ఆయన నేర్పిందే. కాస్త వినగానే ఆయన పెదవులు కదిలాయి. తర్వాత సన్నగా గొంతు కలిపాడు. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నవాడి పాట బయటివాళ్లకి వింతగా ఉంటుంది. ముసలి గొంతు, అక్కడక్కడా జీర. పాడుతూ పాడుతూ ఆయన మొహం కందింది. మెడనరాలు లేచాయి. ఆగిపోయి, గుండెల మీద మణికట్టు పెట్టుకుని, రొప్పాడు. మళ్లీ అందుకోబోయాడు. మళ్లీ ఆగిపోయాడు. తనలో తనే నవ్వుకున్నాడు.

వైదేహి గబగబా హెడ్‌ఫోన్లు తీసేసింది.

"నేనూ నీతో పాడదామని చూశానురా. సందు దొరకలా" అన్నాడు ఆయన.

"మీరు వింటే చాలు గురువుగారూ."

"ఊ."

ఆయన మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకున్నాడు. లూర్దురాజు ఎదురుచూశాడు. ఒక గింజ బయటికొచ్చింది. ఇంకో గింజ బయటికొచ్చింది.

"బాగుందా?" అని అడిగేశాడు చివరికి.

"ఇయ్యాల సాయంత్రం నువ్వు శౌరయ్య దగ్గర కూర్చోవాలిరా. రోజూ ఉండే బ్రదరు ఊరెళ్లాడు."

లూర్దురాజుకి ఒళ్లు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ల తర్వాత వచ్చి, ఉన్నదంతా ఊడ్చి పాడి, ముందు పెడితే, రోగి దగ్గర కాపలాకి మనిషి కావాలంటాడా? ఆ ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

"అక్కడ నేనేం చెయ్యాలి?" అన్నాడు ముభావంగా.

"ఏం చెయ్యబాకు. దిండు జారితే సర్దు."

సాయంత్రం గంటకి ముందే పోయాడు. గది గుడి గోడకి ఆనుకుని ఉంది. రెండింటికీ మధ్య చిన్న కిటికీ, దానికి ఇనప జాలీ. రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. మంచం మీద శౌరయ్య దిళ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. మనిషి ఎముకలగూడు. పక్కన మూత పెట్టిన గ్లాసు, అమృతాంజనం సీసా, మందు పీల్చుకునే గొట్టం.

"ఎవురూ?" అన్నాడు.

"నేను బ్రదర్‌గారూ, లూర్దుని."

"లూర్దూ!" ముసలాయన మొహం విప్పారింది. చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. "వచ్చావని తెలుసయ్యా. పగలంతా... నీ పాటేగా. అంతంత పాడితే... గొంతు నొప్పి పుట్టదూ?" ప్రతి రెండు మాటలకీ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు.

"పుడుతుంది బ్రదర్‌గారూ."

"మిరియాలు... వేసుకో పాలల్లో." కాసేపు రొప్పి, "మొన్నొక రోజు... ప్రార్థన మట్టుకు నాకు అందలా నాయనా. గబగబా పోయింది. ఎవురికో... తొందర పని పడినట్టుంది. సగంలో వదిలేశా. దేవుడికి చెప్పుకున్నాలే... రేపు పాడతానని."

లూర్దురాజు దిండు జారకపోయినా సర్దాడు.

గంట మోగింది. జాలీలోంచి గుడిలో ఒక ముక్క కనపడుతోంది, బల్ల అంచూ, దాని మీద రాయప్ప గురువుగారి తల వెనకభాగమూ. ఆయన చెవి ఇటువైపే ఉంది.

కీర్తన మొదలైంది. శౌరయ్య పెదవులు కదిలాయి. మూడు మాటలకి ఒక మాట పైకి వస్తోంది, మిగతావి లోపలే. మొదటి సగం అయిపోయింది. గుడి ఆగింది.

ఆగగానే ఈ గదిలో శౌరయ్య ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాడు. భుజాలు పైకి లేచాయి. మెడ దగ్గర గుంటలు పడ్డాయి. లోపల ఈల. కొలిమి తిత్తి తెరిచినట్టు ఈల. లూర్దురాజుకి ఆ ఈల బాగా తెలుసు. నిన్నటిదాకా వైదేహి పక్కన కూర్చుని ఒక్కొక్కటే తీయించింది దాన్నే. ఆ గాలి ఎక్కడెక్కడో తట్టుకుంటూ, నెమ్మదిగా లోపలికి పోయి, కుదురుకుంది.

జాలీ అవతల గురువుగారి వేలు బల్ల మీద టక్కుమంది. గుడి రెండో సగం ఎత్తుకుంది. శౌరయ్య కూడా ఎత్తుకున్నాడు.

రెండో చరణం. గుడి ఆగింది. ఈల లోపలికి పోయింది. వేలు టక్కుమంది.

లూర్దురాజు కుర్చీ అంచున కూర్చుండిపోయాడు.

నాలుగో చరణమో అయిదోదో, గాలి మళ్లింది. కళ్లాల ఘాటు కొండెక్కి వచ్చింది. శౌరయ్య పీల్చుకోబోయి దగ్గాడు. దగ్గు దగ్గుని లాక్కొచ్చింది. లూర్దురాజు లేచి వీపు నిమిరాడు, గొట్టం అందించాడు, నీళ్లు పట్టాడు. ఇదంతా జరుగుతుంటే గుడి అలాగే ఉంది. అంత నిశ్శబ్దం అతను జీవితంలో ఒక్కసారే విన్నాడు. ఆ రోజు హాల్లో ఎవరో దగ్గారు. ఇక్కడ ఆ ఘాటుకి అందరి గొంతులూ మండుతూ ఉండాలి. ఒక్కరూ దగ్గలేదు. బల్ల కిర్రుమనలేదు. జాలీ అవతల ముసలి చెవి ఇటే ఉంది.

శౌరయ్య దగ్గు ఆగింది. ఊపిరి కొద్దికొద్దిగా, మెట్టు మెట్టుగా లోపలికి పోయింది. అది పూర్తయ్యేదాకా లూర్దురాజు తనూ పీలుస్తూనే ఉన్నాడు. తన ఈల తనకి వినపడింది. మొదటిసారి దానికి సిగ్గుపడలేదు.

వేలు టక్కుమంది.

ప్రార్థన అయిపోయాక శౌరయ్య కళ్లు మూసుకున్నాడు. "ఇయ్యాల అందింది" అన్నాడు. కాసేపటికి కునుకు పట్టింది. లూర్దురాజు గడప దాటి బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అటుగా పోతున్న బ్రదరొకాయన చూసి, "ఘాటు ఎక్కువైంది కదండీ ఇవాళ" అన్నాడు. అవునన్నాడు లూర్దురాజు.

వైదేహి ఆ రోజుకి పని ముగించి సామాను సర్దుకుంటోంది.

"అమ్మా, మనం తీసేసినవి ఉన్నాయా?"

"ఏవి సార్?"

"ఊపిర్లు."

ఆ అమ్మాయి అతని మొహంలోకి చూసింది. "ఉన్నాయి సార్. నేనేదీ పారెయ్యను."

"మళ్లీ పెట్టెయ్యి."

"అన్నీనా?"

"అన్నీ."

మర్నాడు మిగిలిన కీర్తన రికార్డు చెయ్యాలి. చీకట్లో ఉన్న మనిషి దేవుణ్ణి పిలుచుకునే పాట అది. ఒక్కడే పాడాలని ముందు అనుకున్నది. పొద్దున్నే లూర్దురాజు వరండాలోకి పోయి, గోనెపట్టా మీద గురువుగారి ఎదురుగా కూర్చుని, ఒక చింతపండు రెబ్బ అందుకున్నాడు. గింజ తీయడం చేతులు మరిచిపోలేదు.

"ఆఖరిది మీ అందరితో కలిసి పాడతాను గురువుగారూ. సాయంత్రం ప్రార్థనలో. మీరెట్లా పాడతారో అట్లాగే."

ఆయన తల ఎత్తలేదు. "మైకుకి మావాళ్ల గొంతులు బాగుండవేమోరా."

"నాదీ అంతే కదండీ."

ఆయన అప్పుడు తల ఎత్తి చూశాడు. జిగురు చేత్తోనే అతని చెంప మీద ఒక్కటి తట్టాడు.

సాయంత్రం ఫ్యాన్లు ఆపేశారు. తలుపులు మూశారు. వైదేహి ఆ చివరి కిటికీ కూడా మూయబోతే, "అది ఉండనీ తల్లీ" అన్నాడు రాయప్ప గురువుగారు. లూర్దురాజు మైకుల ముందుకి రాలేదు. బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాడు. వైదేహి తలకాయ గోక్కుని, మైకులు వెనక్కి జరిపింది.

కీర్తన మొదలైంది. లూర్దురాజు గొంతు తగ్గించి పాడాడు. పక్కన ముసలి గొంతు జీరగా, తేలిగ్గా కలిసింది. దానికి కావలసినంత చోటు దొరికింది. మొదటి సగం అయిపోయింది.

అందరూ ఆగారు.

వైదేహి గబుక్కున తల ఎత్తింది. లూర్దురాజు మొహం చూసింది. అతని సంగతి ఆ అమ్మాయికి తెలుసు, ఆ నాటకశాలలో జరిగింది పేపర్లలో వచ్చింది. ఊపిరి అందలేదనుకుని భయపడి, ఆపెయ్యడానికి చెయ్యి మీట మీదికి పోనిచ్చింది. లూర్దురాజు కూర్చున్నచోటినుంచే వేలెత్తి వద్దన్నాడు. తల కాస్త కిటికీవైపు వంచి ఉంది. గురువుగారి తల కూడా అలాగే వంగి ఉంది. జాలీ అవతలనుంచి సన్నటి ఈల వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది, కుదురుకుంది.

బల్ల మీద వేలు టక్కుమంది. ఈసారి ఆ వేలు లూర్దురాజుది.

అంతా అయ్యాక బ్రదర్లు లేచి ఎవరి పనుల మీద వాళ్లు పోయారు. గురువుగారు లేవడానికి లూర్దురాజు భుజం పట్టుకున్నాడు. వైదేహి హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని దగ్గరికొచ్చింది.

"చాలా బాగా వచ్చింది సార్. ఒక్కటే అనుమానం. ప్రతి చరణం మధ్యలో అంతసేపు ఖాళీ ఉంది కదా. వినేవాళ్లు పాట ఆగిపోయిందనుకుంటారు. కొంచెం కత్తిరించనా?"

లూర్దురాజు గురువుగారివైపు చూశాడు. ఆయన కిటికీలోంచి అవతలికి చూస్తున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు లూర్దురాజు. "అక్కడ శౌరయ్యగారు పాడుతున్నారు."